ఎముకా మనదే, ప్రశ్నా మనదే



జీవశాస్త్రం చెప్పిన ఒక బడిపంతులు పేరిట జరుగుతున్న ఉపన్యాసం ఇది. కొత్త జీవశాస్త్రం తెస్తున్న ప్రశ్నల గురించి, వాటివల్ల సమాజంలో రాబోయే మార్పుల గురించి మాట్లాడమన్నారు. జన్యు సవరణ, డీఎన్ఏ పరీక్షలు, వ్యాక్సిన్ పరిశోధనలు, వీటన్నిటి దగ్గరికీ వస్తాను. ముందు మాత్రం ఎద్దుల గురించి చెప్పాలి.

1930ల తొలి రోజుల్లో మన పొదిలి, దర్శి వైపు రైతులు ఒక విషయం గమనించారు. అరక దున్నే ఎద్దులు నడవలేకపోతున్నాయి. కీళ్లు బిగుసుకుపోతున్నాయి, అడుగు తీసి అడుగు వేయాలంటే బాధపడుతున్నాయి. మేతలో లోపమా, గాలి సోకిందా, ఎవరికీ అంతుపట్టలేదు. 1934లో మహదేవన్ అనే పరిశోధకుడు ఒక పశువైద్య పత్రికలో ఆ ప్రాంతపు జబ్బు గురించి రాస్తూ, దాని మూలం నేలలోని రాళ్లలో ఉందన్నారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు అదే జబ్బును మనుషుల్లో చూసి, తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని తేల్చారు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యశాస్త్రం గుర్తించింది ఈ నేల మీదే. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో అన్నీ కలిసి ఒక జిల్లా అయ్యాయి. జబ్బు మాత్రం కొత్త జిల్లా హద్దులు గీయకముందే వాటిని కలిపేసింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ మొదటి గమనింపు. సూక్ష్మదర్శిని లేదు, ప్రయోగశాల లేదు. తన ఎద్దు నడక మారిందని చూసినవాడు రైతు. జీవశాస్త్రంలో ప్రశ్న పుట్టేది అలాంటి చోటే. వైద్యుల పేర్లు పరిశోధనా పత్రాల్లో మిగిలాయి, ఆ రైతుల పేర్లు మనకు అందలేదు. పేర్లు పోవడం బాధే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ప్రశ్న ఇక్కడ పుట్టి, జవాబు కోసం మద్రాసుకూ హైదరాబాదుకూ వెళ్లింది. జవాబు దొరికాక మన ఊరి అరుగు మీదికి తిరిగి రాలేదు.

ఫ్లోరైడ్ చేసే పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. పంటిలోనూ ఎముకలోనూ ఉండే ఖనిజంలో ఫ్లోరైడ్ చొరబడి, అక్కడ ఉండాల్సినదాన్ని పక్కకు తోసి కూర్చుంటుంది. పళ్లు తయారయ్యే వయసులో పిల్లలు ఆ నీళ్లు తాగితే పంటి మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఎముకలను కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి, వెన్ను కర్రలా బిగుసుకుంటుంది, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వస్తుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలు. అవి దెబ్బతిన్నవాడి ఒంట్లో అది మరింత నిలిచిపోతుంది. కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల మాట వింటున్న ఈ రోజుల్లో ఈ ఒక్క వాక్యం ఆ ప్రాంతంలోని ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. మన దేశపు ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు సహిస్తారు. మీ ఊరి బోరులో ఎంత ఉందో మీలో ఎందరికి తెలుసు?

1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ జబ్బును మరో వైపు నుంచి చూశారు. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి రాసిన పరిశోధన, ఫ్లోరైడ్ ప్రాంతంలో పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది. 1977లో అదే సంస్థకు చెందిన లక్ష్మయ్య, శ్రీకాంతయ్య మరో సంగతి చూపారు: వరి అన్నం తినేవారి ఒంట్లో కన్నా జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. జొన్న మన తాత ముత్తాతల తిండి. ఈ మెట్ట నేలను బతికించిన పంట. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న రొట్టె మళ్లీ గౌరవంగా పళ్లెంలోకి వచ్చింది. అది మంచిదే, చక్కెర వ్యాధి పెరుగుతున్న రోజుల్లో చాలామందికి మేలు చేస్తుంది. అయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లో జొన్న తినమని చెప్పేటప్పుడు, ఈ 1977 నాటి ఫలితాన్ని ఎదురుగా పెట్టుకుని చెప్పాలా వద్దా? నీళ్లు మారితే జొన్నతో భయం ఉండదు కదా? జొన్న రకాల్లో తేడా ఉందా? దీన్ని తేల్చాల్సింది పరిశోధకులు. అడగాల్సింది మాత్రం ఆ రొట్టె తినే మనం. హైదరాబాదులో తినేవాడికి మంచిదైనది పొదిలిలో తినేవాడికీ అంతే మంచిదని అనుకోవడానికి వీల్లేదు. నీరు, నేల, తిండి, శరీరం కలిపి చూడకపోతే జీవశాస్త్రం సగమే అవుతుంది.

ఇప్పుడు కొత్త ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. ఒకే బావి నీళ్లు తాగిన అన్నదమ్ముల్లో ఒకరి నడుం వంగుతుంది, ఇంకొకరు నిటారుగా తిరుగుతారు. ఎందుకు? తిండి, చేసే పని, కాల్షియం, మూత్రపిండాల స్థితి, ఇవన్నీ కారణాలు కావచ్చు. వీటితో పాటు జన్యువుల్లోనూ తేడా ఉందా అని ప్రపంచంలో పలుచోట్ల పరిశోధకులు వెదుకుతున్నారు. వెదకాల్సిందే. రేపు ఒక నెత్తుటి చుక్కతో, ఫలానా బిడ్డకు ఫ్లోరోసిస్ ముప్పు ఎక్కువ అని చెప్పగలిగే పరీక్ష వచ్చిందనుకోండి. దాన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఆ బిడ్డ ఇంటికి ముందు మంచినీళ్లు చేర్చడానికి వాడొచ్చు. లేదా, జబ్బు నీ జన్యువుల్లో ఉంది, నీళ్లదేం తప్పు లేదు అని చెప్పి కొళాయి బాధ్యత దులుపుకోవడానికీ వాడొచ్చు. నన్ను భయపెట్టేది రెండోదే. జన్యువు మీద నెపం వేస్తే పైపులైను ఖర్చు తప్పుతుంది. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండల కింద సొరంగాలు తవ్వి ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెస్తామన్న ఆ మాట నిండుగా నెరవేరే రోజు కోసం ఒక తరం ఎదురుచూసింది. అలాంటి చోటికి జన్యు పరీక్ష నీళ్లకన్నా ముందు చేరిందంటే, ఆ పరీక్షను నమ్మకూడదని కాదు, దాన్ని ఎవరు ఎందుకు తెచ్చారని అడగాలి.

పత్తి విషయంలో మనం ఇలా అడగలేదు. దాని ఫలితం చూశాం.

2002 మార్చిలో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో చేర్చారు. ఆ మొక్కను తిన్న కాయతొలుచు పురుగు చచ్చిపోతుంది. మార్కాపురం, త్రిపురాంతకం, యర్రగొండపాలెం చేలల్లోకి ఆ విత్తనం వేగంగా వచ్చింది. మొదటి ఏళ్లలో పురుగుమందు ఖర్చు తగ్గిందన్న రైతుల మాట నిజమే, దాన్ని కాదనను. విత్తనం ధర మీద పెద్ద గొడవే జరిగింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడితే, 450 గ్రాముల ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. ధర గురించి అడగడం మనకు వచ్చు. అడిగితే దిగివస్తారని అప్పుడు తేలింది.

ఆ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి ఇచ్చేవారు, గుర్తుందా? బీటీ కాని మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ ఐదు వరసలు వేయమని రాసి ఉండేది. చాలామంది వేయలేదు, పారేశారు. పురుగు తినే పత్తిని చేలో ఎవరు పెంచుతారు? రైతు లెక్క రైతుది. ఆ పొట్లం వెనక ఉన్నది మాత్రం డార్విన్ చెప్పిన సూత్రమే. బీటీ మొక్కను తిని కూడా చావని పురుగు లక్షల్లో ఒకటి ఎక్కడో ఉంటుంది. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ బతికిన మామూలు పురుగులతో అది జతకడుతుంది, దాని మొండితనం పలచబడుతుంది. మామూలు పత్తి లేకపోతే మొండి పురుగులే మొండి పురుగులతో జతకట్టి, కొన్నేళ్లలో చేనంతా అవే ఉంటాయి. గులాబీ రంగు పురుగు అదే చేసింది. 2006లో రెండు జన్యువులతో వచ్చిన రెండో తరం బీటీనీ పదేళ్లు తిరక్కముందే అది ఓడించింది. మళ్లీ పురుగుమందు డబ్బాలు పెరిగాయి. ఆ తర్వాత కలుపు మందును తట్టుకునే పత్తి అనుమతి లేకుండానే చేలల్లోకి దొంగదారిన చేరింది.

ఈ పురుగు పరిణామం గురించి మన రైతుకు ఎవరు చెప్పాలి? విత్తనాల కొట్టు చెబుతుందని ఆశించడం న్యాయం కాదు. కొట్టువాడి పని అమ్మడం. వ్యవసాయ శాఖ చెప్పాలి, విశ్వవిద్యాలయం చెప్పాలి, అంతకన్నా ముందు బడి చెప్పాలి. బడి సంగతి చూస్తే గుండె తరుక్కుపోతుంది. పాఠ్యభారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్టీ పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి జీవపరిణామం భాగాన్ని తీసేసింది. దేశమంతటా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఉత్తరాలు రాసినా ఆ నిర్ణయం మారలేదు. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ పదో తరగతి పిల్లలు చదువుతున్నది ఎన్‌సీఈఆర్టీ పాఠాలే. పదితో చదువు ఆపి నాన్న వెంట చేలోకి వెళ్లే పిల్లవాడికి, ఆ చేలో పురుగు ఎందుకు చావడం లేదో చెప్పే పాఠం లేకుండా చేశాం. ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు ఉండి ఉంటే ఈ పాఠం పుస్తకంలో ఉన్నా లేకపోయినా చెప్పేవారు. ఇక్కడున్న ఉపాధ్యాయులను నేను కోరేదీ అదే. గులాబీ రంగు పురుగుతో మొదలుపెట్టి చెప్పండి, ఏ పిల్లవాడూ మరిచిపోడు.

ఇక వరి. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను విడుదల చేసింది. అందులో ఒకటి డీఆర్ఆర్ ధన్ 100, ముద్దుపేరు కమల. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. దానికి తల్లి ఎవరనుకున్నారు? మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, సాంబ మసూరి. సాంబ మసూరిలో గింజల సంఖ్యకు పగ్గం వేసే ఒక జన్యువును కొద్దిగా సవరించారు. బయటి జీవి జన్యువు ఇందులో చేర్చలేదు. గింజలు పెరుగుతాయి, పంట ఇంచుమించు 20 రోజులు ముందే కోతకొస్తుంది అని సంస్థ చెబుతోంది. కంభం చెరువు కింద నీళ్లు చాలని ఏడాది 20 రోజులంటే ఏమిటో అక్కడి రైతుకు నేను చెప్పక్కర్లేదు. ప్రయోగ ఫలితాల లెక్కలు సరిగా లేవని కొన్ని సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పేటెంట్లు ఎవరి చేతిలో ఉంటాయని కొందరు అడుగుతున్నారు. ఈ రకం వరి మంచిదా చెడ్డదా అని ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. శాస్త్రంగా చూస్తే ఇది బీటీ కన్నా చాలా సున్నితమైన మార్పు, ఆశ పెట్టుకోదగ్గది అనే నా అభిప్రాయం. నా ఫిర్యాదు పద్ధతి మీద. 2022 మార్చిలో కేంద్రం ఒక ఉత్తర్వుతో ఈ తరహా సవరణలను జన్యుమార్పిడి పంటలకు వర్తించే కఠిన నిబంధనల నుంచి తప్పించింది. ఆ ఉత్తర్వుకు ముందు ఒక్క రైతు సభ, ఒక్క బహిరంగ విచారణ ఊళ్లలో జరగలేదు.

అలాంటి సభలు జరపడం చేతకాని దేశం కాదు మనది. 2009 అక్టోబరులో బీటీ వంకాయకు నిపుణుల సంఘం పచ్చజెండా ఊపాక, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. 2010 జనవరి 31న హైదరాబాదులో జరిగింది. శాస్త్రవేత్తలు, రైతులు, కంపెనీలవాళ్లు, వైద్యులు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు కూడా. అరుచుకోనీండి. దేశంలో జీవశాస్త్రం గురించి అంతమంది ఒకచోట చేరి వాదించుకోవడం అరుదు. ఫిబ్రవరి 9న మంత్రి బీటీ వంకాయ అనుమతిని నిలిపివేస్తూ కారణాలన్నీ రాతపూర్వకంగా బయటపెట్టారు. నిర్ణయం నచ్చనివాళ్లకు కూడా ఎందుకో తెలిసింది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ ఆ కాలంలో నిపుణుల సంఘంలో సుప్రీంకోర్టు నియమించిన పరిశీలకుడు. పరీక్షలు చాలవని లోపల కూర్చుని చెబుతూ, అదే మాట బయట ప్రజలకూ చెప్పారు. శాస్త్రవేత్తలు ఇలా మాట్లాడటం మానేస్తే ఆ ఖాళీలోకి పుకార్లు వచ్చి కూర్చుంటాయి.

అంతకన్నా ముందు, 2001లో, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గరి అల్గోల్ గ్రామంలో ఇంకా సాహసమైన పని జరిగింది. దాని పేరు ప్రజాతీర్పు. రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 ప్రణాళిక మీద, జన్యుమార్పిడి పంటల మీద 19 మంది చిన్న, సన్నకారు రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీ ప్రతినిధులను సాక్షులుగా పిలిచి ప్రశ్నలడిగారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ నాయకత్వంలో ఒక బృందం విచారణ సక్రమంగా జరుగుతోందా లేదా అని గమనించింది. జ్యూరీ జన్యుమార్పిడి పంటలు వద్దంది, భూమి మీద ఆధారపడి బతికేవాళ్ల సంఖ్యను తగ్గించే ఆలోచన వద్దంది. నిర్వాహకులది ఒకవైపు మొగ్గు అని తర్వాత ఇంగ్లండు దాకా వివాదం నడిచింది. ఆ విమర్శలో పస ఉందనే ఒప్పుకుందాం. అయితే పరిష్కారం ఇంకా నిష్పక్షంగా మరో జ్యూరీ పెట్టడం. ఆ మార్గాన్నే వదిలేయడం కాదు. మనం వదిలేశాం.

అడగకుండా చేసిన పని ఎలా ముగుస్తుందో కూడా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే చూపింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేస్తూ పాత్ అనే సంస్థ అధ్యయనం నడిపింది. భద్రాచలం ఏజెన్సీలో చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ సంఘం తేల్చలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం మరింత గట్టిగా నిలదీసింది. ఆ టీకా మంచిది, ప్రాణాలు కాపాడేది, ప్రపంచమంతా వేస్తున్నారు. తల్లులతో కూర్చుని మాట్లాడి ఉంటే మన ఆడపిల్లలకు అది ఎన్నో ఏళ్ల ముందే అందేది. ఆ ఆలస్యానికి మూల్యం మన ఆడపిల్లలే చెల్లించారు.

నల్లమల చెంచుల మాట కూడా చెప్పాలి. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు గూడేలు మనకు దూరం కాదు. 2003లో వెలువడిన ఒక ప్రసిద్ధ జన్యు పరిశోధనకు ఆంధ్రప్రదేశ్ చెంచుల, కోయల నెత్తుటి నమూనాలు ఆధారం. గిరిజనులు, కులాల్లో ఉన్నవాళ్లు చాలావరకు ఒకే ప్రాచీన వంశమూలం నుంచి వచ్చినవాళ్లని అది చెప్పింది. ఎంత గొప్ప మాట! చెంచును అడవి మనిషి అని వేరు చేసి చూసే ప్రతి ఒక్కరికీ వినిపించాల్సిన మాట. అందరికన్నా ముందు చెంచు పిల్లలకు వాళ్ల బడిలో చెప్పాల్సిన మాట. నెత్తురు ఇచ్చినవాళ్లకు ఫలితం తిరిగి చెప్పడం దయ కాదు, బాకీ.

2009లో సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. మన కులాలు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంవల్ల కొన్ని జబ్బుల జన్యువులు ఆయా కులాల్లో పేరుకున్నాయి. ఆర్యవైశ్యుల్లో కొందరికి మత్తుమందు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే ఒక మందు మామూలుకన్నా చాలాసేపు పనిచేస్తుంది, ఊపిరి ఇబ్బంది అవుతుంది. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు, అంతే. ఇది ఆ కులానికి తలవంపు కాదు. చాలా కులాల్లో ఇలాంటివి ఉండొచ్చు, కొన్నింటిని కనుక్కున్నారు, మిగిలినవి కనుక్కోవాలి. కులం పేరుతో వచ్చే జన్యు సమాచారం పెళ్లి సంబంధాల బేరంలోకో, బీమా కంపెనీ దస్త్రంలోకో పోకుండా చూసుకోవాలంటే, అది ఆసుపత్రిలో గుసగుసగా కాక కుల సంఘం సభలో డాక్టరును పిలిచి పగలు మాట్లాడాల్సిన విషయం.

మన దగ్గర ఇలాంటి చర్చకు వేదికలు లేకపోలేదు. జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఏళ్లుగా ఊరూరా తిరిగి సైన్సు చెప్పారు, చెకుముకి పత్రిక చదివి పెరిగిన పిల్లలు ఈ సభలోనే ఉన్నారు. గ్రామసభలు ఉన్నాయి, స్వయం సహాయక సంఘాల సమావేశాలు ఉన్నాయి. పొదుపు లెక్కలు అంత జాగ్రత్తగా చూసే ఆడవాళ్లకు నీటి పరీక్ష లెక్క అర్థం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

కాబట్టి నా కోరికలు స్పష్టంగా చెబుతాను. ప్రతి పంచాయతీ గోడ మీద ఆ ఊరి బోర్ల ఫ్లోరైడ్ లెక్క, పరీక్ష చేసిన తేదీతో సహా, తెలుగులో రాయించండి. ఆర్వో ప్లాంటు నీళ్లకూ అదే చేయించండి. కమల వరి గానీ, ఇంకో జన్యు సవరణ విత్తనం గానీ ఈ ప్రాంతానికి రాకముందే, తయారుచేసిన శాస్త్రవేత్తలనూ అభ్యంతరం చెప్పినవారినీ కంభం పిలిపించి రైతుల ముందు ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఈ జిల్లాలో ఎవరి నెత్తురు, ఎవరి పళ్లు, ఎవరి ఎముకల మీద పరిశోధన చేసినా ఫలితం ముందు ఆ ఊరికే చెప్పాలని జిల్లా యంత్రాంగాన్ని అడగండి.

నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడాది ఈ స్మారకోపన్యాసానికి నాలాంటివాడిని పిలవకండి. ఒక పత్తి రైతును, ఒక చెంచు యువతిని, ఫ్లోరోసిస్‌తో నడుం వంగిన ఒక పెద్దాయనను వేదిక మీద కూర్చోబెట్టండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి శాస్త్రవేత్తలను కింద వరసలో కూర్చోమనండి. నన్నూ పిలిస్తే, వినడానికి తప్పకుండా వస్తాను.